చంటిబిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డ: బెంగళూరు ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారం

ప్రాజెక్టు ఏమిటో ముందు రాసిపెట్టుకుంటున్నాను. బెంగళూరు తూర్పున వైట్‌ఫీల్డ్ దాటి హొసకోట దారిలో, ఇటు సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట్లన్నిటా రేకుల షెడ్లు ఉంటాయి. వాటిలో అనంతపురం, కదిరి, మదనపల్లె, కర్నూలు, పాలమూరు నుంచి పనికొచ్చిన మనవాళ్లు చాలామంది. ఆ షెడ్లకు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన తక్కువ బరువు బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, తల్లి గుండెల మీద రోజుకు ఎన్ని గంటలు ఉంటోంది? ఆ గంటలు పెరగాలంటే ఏం కావాలి? మా ప్రశ్న ఇదే. చేత్తో చేసే పని రెండు భాగాలు: బిడ్డను ఒంటికి కట్టుకునే గుడ్డ కుట్టడం, అది ఒంటి మీద ఉన్న గంటలు లెక్కగట్టడం.

బిడ్డను తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టుకునే ఈ కంగారూ పద్ధతి పనిచేస్తుందా అని ఇప్పుడు ఎవరూ కొత్తగా పరీక్షించక్కర్లేదు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో డాక్టర్ ఎడ్గార్ రే దీన్ని మొదలుపెట్టింది ఇంక్యుబేటర్లు చాలకే. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని పడుకోబెట్టాల్సి వచ్చేది, ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటుకునేది. మన దేశంలో హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లో ఇళ్ల దగ్గరే చేసిన పెద్ద పరిశోధన 2019లో వచ్చింది. ఒకటిన్నర కిలో నుంచి రెండుంపావు కిలోల మధ్య బరువున్న 8402 మంది పసిబిడ్డల మీద చేశారు. ఇంట్లో కంగారూ పద్ధతి నేర్పిన గుంపులో మొదటి నెల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన వచ్చింది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, ఇండియాల్లోని 5 ఆసుపత్రుల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని పుట్టిన వెంటనే తల్లి ఒంటికి చేర్చారు. బిడ్డ కుదుటపడ్డాక మొదలుపెట్టే పాత పద్ధతిలో నెలలోపు మరణాలు 15.7 శాతం ఉంటే, వెంటనే మొదలుపెట్టిన వాళ్లలో 12 శాతం. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఆ పేపర్లో నేను మళ్లీ మళ్లీ వెళ్లి చూసే అంకె గంటలది. బిడ్డలు ఐసీయూలో ఉన్న రోజుల్లో వెంటనే మొదలుపెట్టిన గుంపు రోజుకు 16.9 గంటలు కట్టుకుంది, రెండో గుంపు గంటన్నర.

అక్కడ తల్లి మంచం బిడ్డ పక్కనే వేశారు, చూసుకోను నర్సులున్నారు. రేకుల షెడ్డులో తల్లికి ఎవరున్నారు?

ఎథిక్స్ కమిటీలో ఒకరు కంట్రోల్ గ్రూపు ఎందుకు లేదని అడిగారు. ఉండకూడదు. ప్రాణాలు నిలబెడుతుందని తేలిన పద్ధతిని ఒక గుంపుకి నేర్పకుండా ఆపి చూడటం ఈ రోజున తప్పు. అందరికీ నేర్పుతాం, అందరికీ చేతనైన సాయం చేస్తాం. పోల్చేది గుడ్డనీ సాయాన్నీ మాత్రమే. కమిటీ ఒప్పుకుంది.

నవంబరు, చివరి వారం

చిక్‌పేటలో గుడ్డలు చూసుకుంటూ తిరిగాం. మూడు రకాలు పట్టుకొచ్చాం: తిరుప్పూరు బనియన్ గుడ్డ, కొంచెం లైక్రా (సాగే దారం) కలిసిన బనియన్ గుడ్డ, మెత్తటి నూలు చీరలో చీల్చిన పొడుగు ముక్క. పరీక్షకు ఒకటిన్నర కిలోల రాగుల సంచీని బిడ్డ ఆకారంలో కుట్టించాం, తలకాయా కాళ్లూ పెట్టి. కట్టుకుని వంగడం, బిందె ఎత్తడం, కింద కూర్చుని లేవడం, మెట్లెక్కడం అన్నీ చేశాం. ప్రతిసారీ సంచీ పైఅంచు ఎంత జారిందో జాకెట్ మీద సుద్దతో గీత గీసి చూశాం.

ఒట్టి బనియన్ గుడ్డ మొదట హాయిగా ఉంటుంది. కాసేపటికి సాగి, సంచీ నాలుగు వేళ్ల మేర కిందికి దిగిపోయింది. బిడ్డ అలా దిగితే గడ్డం ఛాతీకి ఆనుకుని మెడ ముడుచుకుంటుంది, ఊపిరి దారి మూసుకుంటుంది. నెలలు నిండని బిడ్డకు మెడ నిలబడదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. తల పక్కకు తిరిగి, కొద్దిగా వెనక్కి ఎత్తి ఉండాలి. గుడ్డ పైఅంచు చెవి కిందికి రావాలి. కాళ్లు కప్ప కాళ్లలా విడిగా ముడుచుకోవాలి. గుడ్డ బిడ్డ ఛాతీ మీద బిగువుగా, పొట్ట దగ్గర వదులుగా ఉండాలి. ఎందుకంటే ఈ బిడ్డలు ఊపిరి తీసేది పొట్టతోనే.

నూలు చీర ముక్క జారలేదు. కానీ ముడి వీపు మీద గుచ్చుకుంటోంది, కట్టడానికి ఇంకొకరి సాయం కావాలి. లైక్రా కలిసిన గుడ్డ రెండింటికీ మధ్యలో నిలిచింది. దాన్నే తీసుకుని, భుజాల దగ్గరా నడుము దగ్గరా సాగని నూలు పట్టీ కుట్టించాలని అనుకున్నాం.

డిసెంబరు

ఈ నెలలో నేర్చుకున్నదంతా తల్లులు చెప్పిందే.

గుడ్డను జాకెట్ మీద, చీర మీద కొలిచి తయారుచేశాం. షెడ్లకు వెళ్తే బాలింతలందరూ నైటీల్లో ఉన్నారు. ముందు జిప్పు ఉన్న నైటీ పాలివ్వడానికి అనుకూలం, కంగారూ పద్ధతికీ అనుకూలమే. కానీ జిప్పు పళ్లు సరిగ్గా బిడ్డ చెంపకు ఒరుసుకుంటాయి. కల్యాణదుర్గం అమ్మాయి ఒకామె బిడ్డ చెంప చూపించింది, ఎర్రగా సన్నటి గీత పడి ఉంది. “ఆస్పత్రిలో గౌను ఇచ్చినారు, అప్పుడు ఇట్ల కాలేదు మేడమ్” అంది. మా టైలరక్క అది విని, గుడ్డ లోపలి వైపు రెండు పక్కలా జిప్పును కప్పే మెత్తటి మడత అంచు వేసింది. డబ్బు ఖర్చు లేదు, కత్తిరించగా మిగిలిన ముక్కలతోనే అయిపోయింది.

ఇక తాళిబొట్టు. దానికి నల్లపూసలు, ఒకటి రెండు పిన్నీసులు వేలాడుతూ ఉంటాయి. పిన్నీసు అవసరానికి చేతికందాలని మన ఆడవాళ్లు అక్కడే పెట్టుకుంటారు. బిడ్డ ఒంటి మీద బట్ట లేకుండా అక్కడే ఆనుకుంటుంది. తాళి తీసి పక్కన పెట్టమని చెప్పడానికి మాకు నోరు రాదు, చెప్పినా ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. అత్తగారి ముందు ఆ మాట అంటే ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేం. దారి కూడా ఒక అత్తగారే చూపించింది. పిన్నీసులు తీసి గుడ్డ నడుము పట్టీకి పెట్టింది, తాళిని వీపు వైపు తిప్పింది, బిడ్డను కట్టింది. “దండం పెట్టుకునేటప్పుడు ముందుకు తిప్పుకుంటాదిలే” అంది కోడలి తరఫున. ఇప్పుడు నేర్పేటప్పుడు మొదటి మెట్టుగా అదే చెబుతున్నాం, ఆ పెద్దామె చెప్పిన మాటల్లోనే. నడుము పట్టీకి పిన్నీసుల కోసం చిన్న దారపు ఉచ్చు కూడా కుట్టించాం.

చాటు గురించి కూడా రాయాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య ప్లైవుడ్ చెక్కే గోడ, తలుపు బదులు కర్టెన్. ఛాతీ తెరుచుకుని గంటల తరబడి కూర్చోమంటే ఎవరికైనా ఇబ్బందే. పైన కప్పుకునే తువ్వాలు పట్టే పట్టీ ఉంటే లేచి నీళ్ల దగ్గరికీ వెళ్లగలుగుతున్నారు. గంటలు పెరగడానికి ఈ తువ్వాలు చేసిన మేలు మేము ముందు అనుకున్న డిజైన్లేవీ చేయలేదు.

జనవరి

చలి. బెంగళూరులో ఈ నెల తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, రేకు కింద ఇంకా చల్లగా ఉంటుంది. రేకుకు పట్టిన మంచు పొద్దున్నే చుక్కలుగా పరుపు మీద పడుతుంది.

చంటిబిడ్డకు చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీలు ఉండాలి. 36 కంటే తగ్గితే అది మామూలు చలి కాదు, వెంటనే వెచ్చబరచాలి. 32 దిగితే ప్రాణం మీదికొచ్చినట్టే. పెద్దవాళ్లలాగా వణికి వేడి పుట్టించుకోవడం ఈ బిడ్డలకు చేతకాదు. భుజాల మధ్య, మెడ దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వు కరిగి వేడినిస్తుంది, నెలలు నిండని బిడ్డకు అదీ తక్కువే. అయినా ఇళ్లలో ఉండే పాత పాదరసం థర్మామీటరు 35 దగ్గర మొదలవుతుంది. బిడ్డ 34కి దిగినా అది 35 దగ్గరే నిలబడి ఉంటుంది, జ్వరం లేదని అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే తక్కువ వేడి చూపించే డిజిటల్ థర్మామీటర్లు మాత్రమే ఇస్తున్నాం. మనవాళ్లు ఫారెన్‌హీట్‌లోనే చెప్పుకుంటారు కాబట్టి చార్టు మీద 36.5 పక్కనే 97.7 అని పెద్ద అక్షరాల్లో వేశాం.

గది 22 డిగ్రీల కంటే చల్లబడితే బిడ్డకు టోపీ, సాక్సులు, డైపరుతో పాటు ముందు తెరుచుకునే చేతుల్లేని నూలు చొక్కా కూడా వేయాలి. ఛాతీ మాత్రం అమ్మ ఒంటికే తగలాలి. టైలరక్క కూతురు ఆ చొక్కాలు కుడుతోంది.

పురిటి స్నానం, సాంబ్రాణి పొగ గురించి పెద్దవాళ్లతో గంటల తరబడి మాట్లాడాం. తలంటి పోసి, పొగ వేసి, పొత్తిళ్లలో చుట్టి పడుకోబెట్టడం బిడ్డ మీద ప్రేమతోనే. వాళ్ల ప్రేమను తప్పుపట్టి ఎవరం ఏమీ సాధించలేం. తక్కువ బరువు బిడ్డకు ఇప్పుడే నీళ్లు పోయొద్దు, గోరువెచ్చటి తడిగుడ్డతో తుడవండి, పొగ పడితే ఆయాసం వస్తుంది అని చెప్పాం. అమ్మకు కావాలంటే పోయండి అన్నాం. అది చాలామంది ఒప్పుకున్నారు. బాలింత స్నానం అయ్యేదాకా బిడ్డను నాన్నమ్మ కట్టుకుని కూర్చుంటోంది. వద్దన్నదాని బదులు ఇంకో పని ఇవ్వడం వల్ల వచ్చిన మార్పు ఇది.

నాన్నలూ కట్టుకుంటున్నారు. ఒకటే షరతు పెట్టాం, పని నుంచి రాగానే సబ్బుతో స్నానం. సిమెంటు ఘాటు క్షారం, బిడ్డ చర్మాన్ని తినేస్తుంది. ఒక సెంట్రింగ్ పనివాడు రాత్రి భోజనం అయ్యాక బిడ్డను కట్టుకుని ఫోన్లో ఊళ్లో వాళ్ల అమ్మకు వీడియో కాల్ చేసి చూపిస్తాడు. బిడ్డ తల్లి ఆ రెండు గంటలూ నిద్రపోతుంది. గుడ్డ అందుకే అందరి కొలతకూ సరిపడేలా ఉండాలి.

ఫిబ్రవరి, మార్చి

గంటల లెక్క. “నిన్న ఎంతసేపు కట్టుకున్నావమ్మా” అని అడిగితే తల్లులు మనకు సంతోషం కలగాలని ఎక్కువే చెబుతారు. అబద్ధమని కాదు, నిద్ర లేని ఒళ్లు గడియారం చూడదు. గళ్ల చార్టు ఇచ్చాం, గంటకో గడి, పగటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు. కొందరు బాగా నింపారు. కొందరివి ఆశా అక్క వస్తుందని తెలిసిన పొద్దున ఒకేసారి నిండాయి, పెన్ను రంగు చూస్తేనే తెలిసిపోతుంది.

అందుకని రూపాయి బిళ్లంత ఉష్ణోగ్రత లాగర్‌ను గుడ్డ లోపలి జేబులో పెట్టాం. కట్టుకుంటే ఒంటి వేడి రాసుకుంటుంది, విప్పి పెడితే గది వేడికి దిగుతుంది. గ్రాఫు మీద మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. జనవరి చలిలో తీసిన గీతలు అద్దంలా స్పష్టంగా ఉన్నాయి.

లాగర్ పెట్టే ముందు ప్రతి తల్లికీ దాన్ని చేతికిచ్చి చూపించాం. ఇందులో కెమెరా లేదు, మాటలు వినబడవు, వద్దంటే తీసేస్తాం, తీసేసినా గుడ్డా థర్మామీటరూ మీవే అని చెప్పాం. ఒకామె వద్దంది, తీసేశాం. ఆమె బిడ్డ బరువు బాగానే పెరుగుతోంది, మాకు ఆ లెక్క చాలు.

గ్రాఫులు చూస్తే దాదాపు అందరికీ ఒకే చోట గొయ్యి పడుతోంది: పొద్దున ఆరు నుంచి పది వరకు. ఆ వేళకే నీళ్ల ట్యాంకరు వస్తుంది, వంట చేయాలి, డబ్బా కట్టాలి. ఆ తర్వాత రెండో గొయ్యి అర్ధరాత్రి. బిడ్డను కట్టుకుని చదునుగా పడుకోకూడదు, వీపు వైపు కొంచెం ఎత్తుండాలి. ఆసుపత్రి మంచానికి తల వైపు లేస్తుంది, నేల మీద చాపకు లేవదు. ఒక ఇంటాయన పాత షట్టరింగ్ ప్లైవుడ్ ముక్కకు రెండు గుంజలు కొట్టి వాలు బల్ల చేశాడు, పైన దుప్పటి మడత. ఆ ఇంటి రాత్రి గ్రాఫులో గొయ్యి పూడిపోయింది. మేస్త్రీని అడిగితే పారేసే ప్లైవుడ్ ముక్కలు ఇస్తానన్నాడు, ఇప్పుడు ఇంకొన్ని తయారవుతున్నాయి. పొద్దుటి గొయ్యికి మా దగ్గర మందు లేదు. ఆ నాలుగు గంటలూ పక్క షెడ్డు ఆడవాళ్లు నీళ్లు పట్టిపెడితే తప్ప తీరదు. వాళ్లూ పనికి వెళ్లేవాళ్లే.

కూలి సంగతి మాట్లాడకుండా గంటల గురించి మాట్లాడటం న్యాయం కాదు. కట్టుబడి కార్మికుల చట్టం 1996లో వచ్చింది, చిన్న సొంత ఇళ్లు తప్ప కట్టే ప్రతి భవనం ఖర్చులో 1 శాతం సెస్సు సంక్షేమ బోర్డుకు పోతుంది. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన వాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చు. మేము కలిసిన తల్లుల్లో చాలామంది ఇటుకలు మోసినవాళ్లే, అయినా కార్డు భర్త పేరు మీదే ఉంది. బృందంలో ఒకరం ఇప్పుడు ఆ ఫారాల పనే చూస్తున్నాం. ఇది పరిశోధనలో భాగం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం రేకు కింద గాలి వేడి, ఒంటి వేడి దాదాపు ఒకటైపోయాయి. లాగర్ గీత చదునుగా ఉంది, కట్టుకున్నారో విప్పారో చెప్పదు. గుడ్డ బయటివైపు ఇంకో లాగర్ పెట్టి తేడా చూస్తున్నాం, కదలిక పట్టే సెన్సరును కూడా పరీక్షిస్తున్నాం. ఊపిరి తీసే ఒంటి మీద ఉంటే సన్నటి కదలిక ఆగదు, తాడు మీద ఆరేసిన గుడ్డకు ఆ లయ ఉండదు. ఇంకా నమ్మకంగా చెప్పగలిగే దశలో లేం. ఈ నెల మధ్యాహ్నాల లెక్కను ఫలితాల్లో కలపడం లేదు.

ఎండలో టోపీ, సాక్సులు తీసేయమంటున్నాం, మధ్యాహ్నం షెడ్డు నీడ వైపు కూర్చోమంటున్నాం. బిడ్డ ఒళ్లు 37.5 దాటితే గుడ్డ వదులు చేయాలి, పాలు పట్టాలి, గంట తర్వాత మళ్లీ చూడాలి. దిగకపోతే ఆసుపత్రికి పోవాల్సిందే, ఎండ వేడి అని సరిపెట్టుకోకూడదు. బోరు నీటిలో ఉతికి ఉతికి గుడ్డలు గట్టిపడుతున్నాయి కూడా. ప్రతి తల్లికీ రెండో గుడ్డ తప్పనిసరి.

మే

అన్నిటికంటే పెద్ద విషయం ఊరి ప్రయాణం. మనవాళ్లలో కాన్పుకు, ముఖ్యంగా తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. తొమ్మిదో నెలలో బస్సెక్కుదామని అనుకుంటారు. నెలలు నిండకుండా వచ్చిన బిడ్డ ఆ ప్రయాణం దాకా ఆగదు. అందుకే షెడ్లలో మాకు కనిపించే తొలి కాన్పు బిడ్డలు ఎక్కువగా తొందరపడి పుట్టినవాళ్లే. ఆసుపత్రి వదలగానే, బిడ్డ ఇంకా రెండు కిలోలు కూడా లేకుండానే, అనంతపురం బస్సు ఎక్కేస్తారు. రెండొందల కిలోమీటర్లకు పైనే దారి.

లెక్కల్లో ఆ బిడ్డ అక్కడితో మాయమవుతుంది. పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ గడ్చిరోలిలో పల్లె ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పసిబిడ్డల మరణాలు తగ్గించి చూపించారు కాబట్టే ఈ రోజు దేశమంతా ఈ ఇంటి సందర్శనలు ఉన్నాయి. కానీ తల్లి పదో రోజున రాష్ట్రం దాటితే ఇక్కడి ఆశా ఆమె వెళ్లిపోయిందని రాస్తుంది. అక్కడి ఆశాకు ఆమె వచ్చిందని తెలియదు. కర్ణాటక ప్రభుత్వం తల్లికిచ్చే తాయి కార్డు పెట్టె అడుగుకు వెళ్లిపోతుంది. బలహీనంగా ఉన్న బిడ్డకు సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరూ ఉండరు. అమ్మకూ ఎవరూ ఉండరు, రక్తస్రావమూ జ్వరమూ ఆ రోజుల్లోనే వస్తాయి.

కాబట్టి ఇప్పుడు మా గుడ్డకు అసలు పరీక్ష బస్సులో. బిడ్డను తీసుకెళ్లడానికి అమ్మ ఒళ్లే అన్నిటికంటే వెచ్చటి చోటు. కిటికీ పక్కన వద్దు, వెనక చక్రం మీది సీటు వద్దు, గుడ్డ కట్టుకునే ఎక్కాలి, బస్సు ఆగిన చోటల్లా పాలు పట్టాలి, బిడ్డ పెదాల రంగు చూడాలి. బస్సు కుదిపితే గుడ్డ ఒక్కటే ఆపలేదు, చేయి కింద పట్టుకునే ఉండాలని కూడా గట్టిగా చెబుతున్నాం. వీలైతే రెండు కిలోలు దాటేదాకా ప్రయాణం ఆపమని మొదట బతిమాలుతున్నాం. కొందరు ఆగారు. పుట్టింటి నుంచి అమ్మనే ఇక్కడికి పిలిపించుకున్నారు. అది అన్నిటికంటే మంచి దారి, పొద్దుటి గొయ్యి కూడా ఆ ఇళ్లలో పూడింది.

వెళ్లేవాళ్ల కోసం ఒక కాగితం తయారుచేశాం, తెలుగులో, ఒక పేజీ. బిడ్డ పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, బయల్దేరిన రోజు బరువు, వేసిన టీకాలు, ఆర్‌సీహెచ్ నంబరు (ప్రభుత్వ తల్లీబిడ్డల నమోదు నంబరు), తర్వాత చూడాల్సిన రోజులు, ప్రమాద సూచనలు. దాన్ని తల్లికి ఇస్తున్నాం, ఆమె సరేనంటేనే పుట్టింటి ఊరి ఆశా అక్కకు ఫోన్ చేసి చదివి వినిపిస్తున్నాం. మొదట్లో అవతలి వాళ్లకు అనుమానం, ఎవరు మీరు, ఎక్కడి నుంచి అని. ఇప్పుడు మా హొసకోట దారి ఆశా అక్కే మాట్లాడుతోంది. తెలుగూ కన్నడమూ కలగలిపి, ఒక ఆశా ఇంకో ఆశాతో. రాయదుర్గం దగ్గర ఒక ఊరి నుంచి మొన్న తిరుగు ఫోన్ వచ్చింది: బిడ్డ బరువు చూశాం, పెరిగింది, అమ్మకు మాత్రం రక్తం తక్కువుంది, ఐరన్ మాత్రలు మొదలుపెట్టాం అని. ఆ బిడ్డ గడిలో “తెలియదు” అని ఉన్నచోట బరువు రాశాం.

జూన్‌కు చేయాల్సినవి: నడుము పట్టీ ఒక బెత్తెడు పెంచాలి, నాన్నలకు చాలడం లేదు. రెండో లాగర్ ఫలితాలు చూశాక సెన్సరు ఉంచాలో తీయాలో తేల్చాలి. మదనపల్లె, కదిరి వైపు ఆశా అక్కల నంబర్లు అక్కడి ఆరోగ్య కేంద్రాల ద్వారా అడగాలి. ప్రయాణం కాగితం వెనక పేజీలో అమ్మ ఆరోగ్యానికి విడిగా గళ్లు వేయాలి, రాయదుర్గం ఫోన్ తర్వాత అది తప్పనిసరి అనిపించింది.